ఇంగ్లీషు ఆరెంజ్‌లో సిలబుల్స్ ఎన్ని? దాన్ని ఎలా పలకాలి? అది నారింజ నుండే వచ్చిందా?

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. ఆరెంజ్ అనే ఇంగ్లీషు మాటలో ఎన్ని సిలబుల్స్ అన్నదానికి మీ అమ్మాయి మూడు అని రాసింది, పుస్తకం వెనకనున్న జవాబుల్లో రెండు అని ఉంది, ఒక అమెరికన్ వీడియోలో మీ చెవికి ఒక్కటే వినిపించింది. వీటిలో ఏది సరైనదో తేలాలి. రెండవది, ఆ మాటను ఎలా పలకాలన్నది. మూడవది, అది మన నారింజ నుండే పుట్టిందనీ, మొదటి నకారం ఇంగ్లీషు ఆర్టికల్‌లో (‘ఒక’ అనే అర్థమిచ్చే ‘ఎ’, ‘ఏన్’లలో) కలిసిపోయిందనీ మీరు చదివారు. అందులో నిజమెంత అన్నది.

ముందుగా జవాబు చెబుతాను. ఆరెంజ్‌లో రెండు సిలబుల్స్ ఉన్నాయి, ఊనిక (ఇంగ్లీషులో స్ట్రెస్, అంటే నొక్కి పలకడం) మొదటిదాని మీద పడుతుంది. తెలుగు లిపిలో రాస్తే అది ‘ఆరింజ్’కు దగ్గరగా ఉంటుంది, చివర ‘రెంజ్’ కాదు, ‘రేంజ్’ అసలే కాదు. అమెరికాలో చాలామంది దీన్ని ఒకే సిలబుల్‌గానూ పలుకుతారు, ఆ పలుకుబడిని అక్కడి నిఘంటువులు కూడా గుర్తించాయి. ఇక పుట్టుక మాటకు వస్తే, ఆరెంజ్‌కూ నారింజకూ చుట్టరికం ఉన్నమాట నిజం, నకారం రాలిపోయిన మాటా నిజం. కానీ అది రాలింది ఇంగ్లీషులో కాదు. ఆ మాట ఇంగ్లీషులో అడుగు పెట్టేసరికే దానికి నకారం లేదు.

ఇప్పుడు కారణాలు. తెలుగు మాతృభాషగా గలవారికి ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పడం 22 ఏళ్లుగా నా పని. ఈ మాటను చప్పట్లతో లెక్కించమంటే తరగతిలో సగం మంది మూడు చప్పట్లు కొడతారు. మీ అమ్మాయి చేసింది కూడా అదే, దానికి గట్టి కారణమే ఉంది. మనకు చిన్నప్పటి నుండి లెక్క నేర్పేది అక్షరాలతో. ‘ఆరెంజ్’ అని రాసి చూస్తే కంటికి ఆ, రెం, జ్ అని మూడు గుర్తులు కనబడతాయి. సిలబుల్ లెక్క అలా సాగదు. ఒక అచ్చు, దానికి ముందూ వెనకా అంటిపెట్టుకున్న హల్లులు కలిసి ఒక సిలబుల్ అవుతాయి; కాబట్టి ఎన్ని అచ్చులు వినబడితే అన్ని సిలబుల్స్. చివరి ‘జ్’కు అచ్చు లేదు గనుక అది ముందున్న దానిలోనే చేరిపోతుంది. ఛందస్సు చదివినవారికి ఈ సంగతి కొత్త కాదు. పద్యానికి గురులఘువులు గుర్తించేటప్పుడు పొల్లును విడిగా లెక్కించము, అది ముందరి అక్షరంతో కలిసి దాన్ని గురువును చేస్తుంది. ఆ పద్ధతిలో చూస్తే ‘ఆరెంజ్’ రెండు గురువులు, అంతే. పిల్లలకు సిలబుల్ అంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఇంగ్లీషు నిర్వచనాన్ని పక్కన పెట్టి ఈ పొల్లు సూత్రమే చెబుతాను; వెంటనే పట్టుకుంటారు.

మూడు అనే లెక్కకు ఇంకో కారణం కూడా ఉంది, ఇది చెవికి సంబంధించినది. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుకే బస్, కార్, పెన్ అనేవి మన నోట బస్సు, కారు, పెన్ను అయ్యాయి. అదే అలవాటుతో ఆరెంజ్ కూడా ‘ఆరెంజు’ అవుతుంది. అలా పలికినప్పుడు మూడవ అచ్చు నిజంగానే ఉంది కాబట్టి మూడు చప్పట్లు కొట్టిన పిల్ల తాను పలికిన మాటను తప్పుగా లెక్కించలేదు, పలికిన మాటే ఇంగ్లీషు రూపం కాదు. మీ అమ్మాయికి ఈ తేడా తప్పకుండా చెప్పండి. లెక్క తప్పు అన్న మాట ఒక్కటే వింటే తన చెవి మీద తనకే నమ్మకం పోతుంది.

చాలామంది మరో పరీక్ష చెబుతారు. గడ్డం కింద చేయి పెట్టుకుని మాటను పలికి, గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్ అని లెక్కించాలట. ఈ మాట విషయంలో ఆ పరీక్షను నమ్మవద్దు. మొదటి అచ్చుకు దవడ బాగా దిగుతుంది. రెండవది పొట్టి ‘ఇ’ కావడం వల్ల దవడ పైకి లేస్తూ ఉండగానే అది పలికిపోతుంది. చేతికి ఒక్క కదలికే తెలుస్తుంది. చప్పట్లతో లెక్కిస్తే మూడు, గడ్డంతో లెక్కిస్తే ఒకటి వస్తాయి, రెండూ సరికాదు. అచ్చులను విని లెక్కించడమే నమ్మకమైన దారి.

మరి ఆ అమెరికన్ వీడియోలో ఒక్కటే ఎందుకు వినబడింది? ఊనిక లేని అచ్చు రకారం పక్కన నలిగిపోవడం ఇంగ్లీషులో తరచూ జరిగేదే. అమెరికన్ ఉచ్చారణలో మొదటి అచ్చూ రకారమూ కలిసి ‘ఓర్’ లాగా ముద్దగా వస్తాయి. ఆ తరువాతి పొట్టి అచ్చు పూర్తిగా జారిపోతే మిగిలేది ‘ఓర్న్‌జ్’, ఒకే సిలబుల్. ఇటువంటి జారుడు మీకు తెలియనిదేమీ కాదు. చాకొలెట్ అని మూడుగా రాసే మాటను మనమూ చాక్లెట్ అని రెండుగానే పలుకుతున్నాం. ఫామిలీ చాలామంది నోట ఫామ్లీ అవుతుంది. కాబట్టి వీడియోలోని వ్యక్తి తప్పు పలకలేదు, మీరు తప్పు వినలేదు. అయినా నేర్చుకునేవారికి నేను రెండు సిలబుల్స్ రూపమే నేర్పుతాను. అది ఇంగ్లీషు మాట్లాడే ప్రతి చోటా చెల్లుతుంది. పైగా ఒక సిలబుల్ రూపంలో రకార, నకార, జకారాలు అచ్చు లేకుండా వరసగా వస్తాయి. అది తెలుగు నాలుకకు కష్టం, మధ్యలో మనకు తెలియకుండానే మరో అచ్చు దూరి మాట మరింత చెడుతుంది.

ఆ రెండు సిలబుల్స్ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మీరు అడగలేదు గాని, నిఘంటువు తెరిస్తే ఎదురయ్యే చిక్కు అదే. తెలుగు చెవికి ‘ఆ-రింజ్’ అని విడదీయడం సహజం. ఇంగ్లీషు నిఘంటువులు మాత్రం రకారాన్ని మొదటి భాగంలో ఉంచి ‘ఆర్-ఇంజ్’ అన్నట్టు చూపుతాయి. దీనికి కారణం ఆ మొదటి అచ్చు స్వభావం. బ్రిటిష్ ఉచ్చారణలో అది హాట్, డాగ్ మాటల్లో వచ్చే పొట్టి అచ్చు. ఊనికతో పలికే ఆ పొట్టి అచ్చుతో ఇంగ్లీషులో ఏ మాటా ముగియదు, దాని వెనక ఒక హల్లు ఉండి తీరాలి. అందువల్ల రకారాన్ని దానికి అప్పగిస్తారు. పలికేటప్పుడు ఆ రకారం అటూ ఇటూ రెండు భాగాలకూ చెందినట్టే ఉంటుంది కనుక గీత ఎక్కడ గీసినా ధ్వని మారదు. కొన్ని నిఘంటువుల్లో మాట మధ్య కనిపించే చుక్కలు ముద్రణలో పంక్తి చివర మాటను ఎక్కడ విరవవచ్చో చెప్పడానికి పెట్టినవి. వాటిని సిలబుల్ హద్దులని అనుకోకండి.

ఇక ఉచ్చారణ. మొదటి అచ్చు కోసం దవడను ‘ఆ’కు దించినట్టే దించి, పెదవులను కొద్దిగా గుండ్రం చేసి, పొట్టిగా పలకాలి. మన ‘ఆ’ దీర్ఘం, పెదవులు విడివిడిగా ఉంటాయి. మన ‘ఒ’కు పెదవులు గుండ్రమవుతాయి గాని దవడ అంతగా దిగదు. ఈ రెంటికీ నడుమ ఉన్న ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. అద్దం ముందు నిలబడి ‘ఆ’ అంటూ దవడను కదిలించకుండా పెదవులను మాత్రం దగ్గరకు చేర్చి చూడండి, అది చెవికి అందుతుంది. అమెరికాలో ఎక్కువమంది ఇక్కడ ‘ఓర్’ అంటారు. న్యూయార్క్ పరిసరాల పాతతరం పలుకుబడిలో ‘ఆర్’ వినబడుతుంది. వీటిలో ఏదైనా చెల్లుతుంది.

అసలు కష్టం రెండవ సిలబుల్‌లో ఉంది. అక్షరాలు చూస్తే చివర ‘రేంజ్’ అని చదవాలనిపిస్తుంది, ఎందుకంటే ఛేంజ్, స్ట్రేంజ్ మాటల్లో అదే రాత ఉంది. అక్కడ ఆ అచ్చు మీద ఊనిక ఉంది కాబట్టి అది నిండుగా పలుకుతుంది. ఆరెంజ్‌లో ఊనిక ముందే అయిపోయింది. మిగిలిన అచ్చు చిక్కిపోయి ‘ఇ’ అవుతుంది. మనం విలేజ్, కాటేజ్, మేనేజ్ అని రాసే మాటలను ఇంగ్లీషువారు విలిజ్, కాటిజ్, మేనిజ్ అన్నట్టు పలకడం మీరు విని ఉంటారు. ఈ మాటది కూడా అదే దారి. చివరి జకారం జింక, జీతం మాటల్లోని తాలవ్య జకారమే, అందులో ఇబ్బంది లేదు. దాని వెనక ‘ఉ’ చేర్చకుండా ఆపితే చాలు.

ఈ ఊనిక ఎంత ముఖ్యమో నాకు బాగా తెలియజెప్పిన సంఘటన ఒకటి ఉంది. ఫోనులో విదేశీయులతో మాట్లాడే ఉద్యోగంలో చేరిన ఒక శిష్యుడు, సమావేశం ఏర్పాటు చేస్తానని చెప్పబోయి, ‘అరేంజ్’ అనే క్రియకు మొదటి సిలబుల్ మీద ఊనిక పెట్టి రెండవదాన్ని పొట్టిగా నొక్కేశాడు. అవతలి మనిషి రెండుసార్లు మళ్లీ అడిగి, చివరికి పండు సంగతి ఎందుకు వచ్చిందని అడిగింది. అతడు ఎంతో బాధపడి ఆ సంభాషణ రికార్డును నాకు వినిపించాడు. విన్నాక నాకూ పండు పేరే వినబడింది. ఆ రెండు మాటల్లో హల్లులు ఒకటే. తేడా అంతా ఊనికలోనూ, ఊనికను బట్టి మారే అచ్చుల్లోనూ ఉంది. పండు పేరుకు మొదట ఊనిక, క్రియకు చివర ఊనిక. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి రోజుకు పదిసార్లు పలకమన్నాను, వారంలో దారికి వచ్చింది. అప్పటి నుండి నా పాఠాల్లో ఈ జంట తప్పకుండా ఉంటుంది.

ఆరెంజ్ జ్యూస్ అన్నప్పుడు ఇంకో సూక్ష్మం ఉంది. మనం రెండు జకారాలను కలిపి సజ్జ, గుజ్జు మాటల్లోలాగా ద్విత్వం చేస్తాం. ఇంగ్లీషులో ఈ ధ్వనిని అలా ఒత్తరు. మొదటి జకారాన్ని పూర్తిగా విడిచి, వెంటనే రెండవదాన్ని మళ్లీ మొదలుపెడతారు. నెమ్మదిగా వింటే రెండు చిన్న పేలుళ్లు విడివిడిగా తెలుస్తాయి.

పుట్టుక సంగతి విపులంగా చెప్పవలసినది, ఎందుకంటే ఇక్కడ నిజమూ అపోహా కలిసిపోయి ప్రచారంలో ఉన్నాయి. సంస్కృతంలో ఈ పండు నారంగము. అది ద్రావిడ భాషల నుండి సంస్కృతానికి చేరిన మాట అయి ఉంటుందని భావించే భాషావేత్తలు ఎక్కువ. మలయాళంలో నిమ్మజాతి చెట్టు నారకం, దాని కాయ నారంగ. అదే భాషలో మామిడికాయ మాంగ, కొబ్బరికాయ తేంగ. ఈ మూడింటి చివరా ఉన్నది మన ‘కాయ’ అనే మాటే, ముందున్న అనునాసికంతో కలిసి రూపు మారింది. తమిళంలో నారత్తంగాయ్ అనే మాట ఉంది. నారంగ అనే రూపంలో ఒక ద్రావిడ ‘కాయ’ దాగి ఉందన్న వాదానికి బలం ఇక్కడే ఉంది. మాంగ పోర్చుగీసువారి ద్వారా ఇంగ్లీషుకు చేరి మ్యాంగో అయిందని తలచుకుంటే, ఇంగ్లీషు పండ్ల పేర్లలో మన ‘కాయ’ రెండు చోట్ల మిగిలి ఉందన్నమాట. ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నారంగ ఫారసీలో నారంగ్ అయింది. ప్రామాణిక అరబ్బీలో గకారం లేదు కాబట్టి అక్కడ అది నారంజ్ అయింది. ఐరోపా రూపాల్లో చాలావాటిలో కనిపించే ‘జ’ వంటి ధ్వనికి మూలం ఈ మార్పే. అరబ్బులు పుల్లని, చేదు నారింజను మధ్యధరా తీరాలకు తీసుకువెళ్లారు, పండుతో పాటు పేరూ వెళ్లింది. స్పానిష్‌లో నరంహ, హంగేరియన్‌లో నరాంచ్, గ్రీకులో నెరాంజి. వీటన్నిటిలో మొదటి నకారం నేటికీ చెక్కుచెదరలేదు. పోర్చుగీసులో ఆ నకారం లకారమై లరంజ అయింది.

నకారం రాలినది ఇటాలియన్‌లో. ఆ భాషలో ‘ఒక’ అనే అర్థమిచ్చే ఆర్టికల్ ‘ఉన్’. ‘ఉన్ నరాంచో’ అని కలిపి పలికితే రెండు నకారాలు ఒకటిగా వినబడతాయి. విన్నవారు దాన్ని ‘ఉన్ అరాంచో’ అని విడదీశారు. ఇది తప్పుగా పదవిభాగం చేయడమే, సంధిని విడదీసేటప్పుడు మనం పొరపడే తీరు. ఫ్రెంచికి వచ్చేసరికి అది ‘ఒరెంజ్’ అయింది. మొదటి అచ్చు ‘ఒ’గా మారడానికి ఫ్రెంచిలో బంగారానికి ఉన్న ‘ఓర్’ అనే పేరు దోహదం చేసిందని చెబుతారు. పండు రంగు చూస్తే ఆ ఆలోచన ఎందుకు కలిగిందో తెలుస్తుంది. లాటిన్ రాసిన పండితులు కూడా బంగారాన్ని తలచుకుని దానికి ఆరాంటియం అనే రూపం కట్టారు. చేదు నారింజ శాస్త్రీయనామం సిట్రస్ ఆరాంటియంలో అది నిలిచిపోయింది.

ఇంగ్లండు ఈ పేరును ఫ్రెంచి నుండి నకారం లేకుండానే తీసుకుంది. 1290లో పోర్ట్స్‌మత్ రేవుకు వచ్చిన ఒక స్పానిష్ నౌక నుండి రాణి ఎలియనోర్ కోసం 7 నారింజలు కొన్నట్టు లాటిన్‌లో రాసిన లెక్కల్లో ఉంది. అక్కడ కూడా పేరు ‘ఒరెంజ్’ అనే ఉంది, మొదట నకారం లేదు.

మరి మీరు చదివిన కథ ఎలా పుట్టింది? ఇంగ్లీషులో అచ్చం అటువంటి మార్పు వేరే మాటలకు నిజంగానే జరిగింది. ఏప్రన్ అనే మాట ఒకప్పుడు నేప్రన్, అంపైర్ ఒకప్పుడు నంపైర్ వంటి రూపం. వాటి నకారాన్ని ఆర్టికల్ మింగేసింది. వ్యతిరేక దిశలో నిక్‌నేమ్ అనే మాటకు లేని నకారం ఆర్టికల్ నుండి వచ్చి చేరింది. ఈ జాబితాలోకి ఎవరో ఆరెంజ్‌ను కూడా చేర్చారు. జరిగిన మార్పు ఒకటే రకం, జరిగిన దేశం వేరు. అయితే ఒక అందమైన సంగతి మాత్రం ఉంది. ‘ఒక ఆరెంజ్’ అనే అర్థంలో ఇంగ్లీషువారు ఆర్టికల్‌తో కలిపి గబగబా పలికినప్పుడు ‘అ నారింజ్’ అన్నట్టే వినబడుతుంది. పోయిన నకారం ఆ క్షణంలో తిరిగి వచ్చినట్టు ఉంటుంది, ఒకసారి చెవి పెట్టి వినండి.

కాబట్టి ఆరెంజ్ తెలుగు నారింజ నుండి పుట్టిందని చెప్పకండి. సంస్కృత నారంగలో గకారం ఉంది, మన నారింజలో జకారం ఉంది. ఆ జకారం అరబ్బీ నారంజ్‌లో ఉన్నదే. రూపాన్ని బట్టి చూస్తే మన మాట పడమటి దేశాల రూపానికి దగ్గరగా ఉంది. ఆరెంజ్‌కు నారింజ తల్లి కాదు, దగ్గరి చుట్టం.

పేరు పోలిక వల్ల చుట్టాలుగా పొరబడేవి మరికొన్ని ఉన్నాయి. ఫ్రాన్సులోని ఆరెంజ్ పట్టణం రోమన్ల కాలంలో అరౌసియో. దాని పేరుకు పండుతో సంబంధం లేదు, కాలక్రమంలో రెండు పేర్లూ ఒకే రూపానికి వచ్చాయి. ఆ పట్టణం పేరిట ఉన్న సంస్థానం 1544లో నాసౌ వంశానికి చెందిన విలియంకు సంక్రమించాక నెదర్లాండ్స్ రాజవంశానికి ఆ పేరూ, పేరు వల్ల ఆ రంగూ వచ్చాయి. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నదికి 1779లో ఆ రాజవంశం పేరు పెట్టారు, దాని నీటి రంగును చూసి కాదు. ఒరాంగుటాన్ అయితే మలయ్ భాషామాట. ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి.

రంగు పేరు పండు పేరు తరువాతిది. ఇంగ్లీషులో ఈ మాట రంగుకు వాడుక కావడం 16వ శతాబ్దం నుండి కనబడుతుంది. అంతకు ముందు ఆ రంగును ఎరుపులోనో పసుపులోనో కలిపి చెప్పేవారు. నారింజ రంగు రొమ్ము గల రాబిన్ పిట్టను ఇంగ్లీషువారు నేటికీ ఎర్రరొమ్ము పిట్ట అంటారు. ఆ పేరు రంగుకు వేరే మాట లేని రోజుల్లో పెట్టినది.

చివరిగా మీ అమ్మాయి అడిగిందని రాసిన ప్రశ్న: ఉచ్చారణ ఆరింజ్ అయితే తెలుగులో కూడా అలాగే రాయాలా? అవసరం లేదు. తెలుగు రాతలో ‘ఆరెంజ్’ స్థిరపడిన రూపం, ఇంగ్లీషు అక్షరాలను చూసి ఏర్పడినది, తెలుగు వాక్యంలో దాన్ని అలాగే రాయనివ్వండి. ఇంగ్లీషు వాక్యం పలికేటప్పుడు మాత్రం రెండవ అచ్చును ‘ఇ’కు తగ్గించి, చివర జకారం దగ్గర నోరు ఆపమనండి.